బూత్ చూసుకునే కార్యకర్తకు: ఓటరు జాబితా నుంచి 17సీ ఫారం దాకా

2019లో విజయవాడ సెంట్రల్‌లో గెలిచిన అభ్యర్థికీ ఓడిన అభ్యర్థికీ మధ్య తేడా 25 ఓట్లు. 2023లో చేవెళ్లలో 268. 2024లో మడకశిరలో 351. ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో రెండొందలకు పైగానే పోలింగ్ కేంద్రాలు ఉంటాయి. లెక్కేసి చూడండి, ఇలాంటి చోట బూత్‌కు ఒకటో రెండో ఓట్లు అటూ ఇటూ అయితే ఎమ్మెల్యేనే మారిపోతాడు. అయినా ఎన్నికల సీజన్ రాగానే మన దృష్టి అంతా బహిరంగ సభకు ఎన్ని బస్సులు పెట్టాలి, ఎంతమందిని తోలాలి, ఫ్లెక్సీలో ఎవరి ఫొటో ఎంత సైజు ఉండాలి అన్నదాని మీదే.

ఇది అభ్యర్థి కోసమో మండల పార్టీ అధ్యక్షుడి కోసమో రాస్తున్నది కాదు. "ఫలానా బూత్ నువ్వు చూసుకో" అని పార్టీ ఎవరి భుజాన పెట్టిందో అతని కోసం, ఆమె కోసం. ఏ పార్టీ వాళ్లకైనా ఇదే వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలు ఎలా జరుగుతాయో దృష్టిలో పెట్టుకుని రాశాను. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు, వాటిని నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, కాబట్టి వాటి నిబంధనలు వేరు.

మొదట జాబితా, తర్వాతే జెండా

షెడ్యూలు వచ్చాక మొదలుపెడితే సగం పని చేజారిపోయినట్టే. పేరు కొత్తగా చేర్చే దరఖాస్తులకు నామినేషన్ల చివరి తేదీకి పది రోజుల ముందు వరకే అవకాశం ఉంటుంది. 2024లో ఆంధ్రప్రదేశ్‌కు షెడ్యూలు మార్చి 16న వచ్చింది, నామినేషన్ల గడువు ఏప్రిల్ 25, పోలింగ్ మే 13. అంటే పోలింగ్‌కు నాలుగు వారాల ముందే, ఏప్రిల్ 15కే, కొత్త పేర్లకు తలుపులు మూసుకున్నాయి. మే మొదటి వారంలో "మా అమ్మాయి పేరు ఎక్కలేదు, కొంచెం చూడు అన్నా" అని వచ్చినవాళ్లకు ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

అందుకే ముసాయిదా జాబితా రాగానే మీ బూత్ కాపీ తెచ్చుకోండి. గుర్తింపు ఉన్న పార్టీలకు అధికారులు ఉచితంగా ఇస్తారు. ఇంటర్నెట్‌లో కూడా దొరుకుతుంది. ప్రింటు తీయించి, అట్ట వేయించి, ఒక పెన్సిల్ పట్టుకుని వీధి వీధీ తిరగండి. ఫోన్‌లో పీడీఎఫ్ చూస్తూ ఈ పని అవదు. నాలుగిళ్లు తిరిగాక బ్యాటరీ అయిపోతుంది, అయిదో ఇంట్లో ఏం చెప్పారో మర్చిపోతారు.

జాబితాలో చూడాల్సినవి ఇవి. చనిపోయినవాళ్ల పేర్లు ఉన్నాయా. పెళ్లయి వెళ్లిపోయిన ఆడపిల్లల పేర్లు ఇక్కడా, అత్తగారి ఊళ్లోనూ రెండు చోట్లా ఉన్నాయా. కోడలిగా వచ్చినవాళ్లు ఎక్కారా. 18 నిండినవాళ్లు ఎవరు. ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలు: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. కాబట్టి ఇంటర్ చదివే పిల్లల పుట్టినతేదీలు ఇంట్లో ఒకసారి అడిగితే చాలు. ఇక అన్నిటికన్నా ముఖ్యం, ఒకే ఇంటి నంబరు మీద ముప్పై నలభై పేర్లు కనిపిస్తే అక్కడ ఆగండి. చాలాసార్లు అది మోసం కాదు. డోర్ నంబరు సరిగ్గా లేని కాలనీలో అందరినీ ఒకే నంబరు కింద కుక్కేసి ఉంటారు. కానీ పోలింగ్ రోజు గొడవ పుట్టేది అక్కడి నుంచే. అందుకే ముందే ఆ ఇంటికి వెళ్లి ఎవరు నిజంగా ఉంటున్నారో చూసుకోవాలి.

కొత్త పేరుకు ఫారం 6. చిరునామా మార్పు, పేరులో తప్పు, ఫొటో మార్పు అన్నిటికీ ఫారం 8. తొలగింపుకు ఫారం 7. ఈ ఏడో నంబరు ఫారం దగ్గర జాగ్రత్త. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఫారం 7 దరఖాస్తులు గంపగుత్తగా పడి, బతికున్న మనుషుల పేర్ల మీద అభ్యంతరాలు వచ్చి, పోలీసు కేసుల దాకా వెళ్లింది. తప్పుడు సమాచారంతో దరఖాస్తు ఇస్తే 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు పడొచ్చు. పైనుంచి ఎవరైనా ఒక లిస్టు పంపి "వీటి మీద సంతకం పెట్టి ఇచ్చెయ్" అంటే పెట్టకండి. కేసు ఆ లిస్టు పంపినవాడి మీద పడదు, సంతకం ఎవరిదో వాళ్ల మీదే పడుతుంది.

గుర్తింపు పొందిన పార్టీ ప్రతి బూత్‌కూ ఒక బూత్ లెవెల్ ఏజెంటును పెట్టుకోవచ్చు. ఆ నియామకం అధికారికంగా చేయించుకుంటే బీఎల్‌ఓ (బూత్ ఓటరు జాబితా చూసే బూత్ లెవెల్ అధికారి) మీ మాట వింటారు, జాబితా సవరణ ఎప్పుడు ఎక్కడ జరుగుతుందో చెబుతారు. బీఎల్‌ఓ సాధారణంగా అంగన్‌వాడీ టీచరో బడి పంతులో పంచాయతీ సిబ్బందో అయ్యుంటారు. ఆమె మీద అరిచి సాధించేదేమీ లేదు. అన్ని పార్టీల వాళ్లూ ఆమె ఇంటి ముందే నిలబడి ఉంటారు కాబట్టి ఆమె ఎప్పుడూ టెన్షన్‌లోనే ఉంటుంది. పని కావాలంటే ఫారంతో పాటు కావాల్సిన కాగితాలన్నీ సరిగ్గా జతచేసి ఇవ్వండి.

ఇంకో సంగతి. పోలింగ్ కేంద్రానికి ఓటర్ల పరిమితిని ఎన్నికల సంఘం 2025లో 1,500 నుంచి 1,200కు తగ్గించింది. దీనివల్ల పెద్ద బూత్‌లు రెండుగా చీలుతాయి, నంబర్లు మారతాయి. గత ఎన్నికల బూత్ నంబరు ఇప్పుడూ అదే అనుకోకండి. వీధిలో సగం మందికి బడి పడమటి గది, మిగతా సగానికి తూర్పు గది వచ్చినా రావచ్చు. ఇలా మారిన ఇళ్లన్నీ ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకోండి.

కమిటీలో ఎవరు

కండువా కప్పుకున్న ప్రతి ఒక్కరూ కమిటీలో ఉండాలని పట్టుబడతారు. ఉండనివ్వండి, గౌరవం దక్కుతుంది. కానీ పని చేసేవాళ్లు వేరే. జాబితాలో ఒక పేజీకి ముప్పై పేర్ల దాకా ఉంటాయి. పేజీకి ఒకరిని పెట్టండి, ఆ పేజీలో ఉన్న ఇళ్ల మధ్య నివసించే మనిషి అయితే మంచిది. అతనికి మీరు చెప్పాల్సింది ఒక్కటే: "నీ పేజీలో ఉన్నవాళ్లు పోలింగ్ రోజు ఎక్కడ ఉంటారో నీకు తెలియాలి."

మహిళలు లేని కమిటీ సగం ఇళ్ల గుమ్మం దాటి లోపలికి పోలేదు. డ్వాక్రా సంఘంలో తిరిగిన ఒక అక్క ఉంటే, మగాళ్లు నలుగురు కలిసి వారంలో తెచ్చే సమాచారం ఆమె ఒక్క సాయంత్రంలో తెస్తుంది. ఆమెను ఫొటో కోసం వేదిక మీద కూర్చోబెట్టి పంపేస్తే నష్టం మీదే.

ప్రభుత్వ ఉద్యోగులు ఏజెంట్లుగా పనిచేయడం నేరం. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 134ఏ సెక్షన్ కింద ఆ ఉద్యోగికే మూడు నెలల వరకు జైలు. మన పార్టీ అభిమాని అయిన పంతులుగారు ఎంత ఉత్సాహంగా ముందుకొచ్చినా ఆయన్ను ఇంట్లో కూర్చోమనడమే ఆయనకు మేలు.

గడపగడపకు

ఇంటింటి ప్రచారానికి ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం అయిదు తర్వాత. మే నెల ఎండలో మధ్యాహ్నం తలుపు కొడితే ఓటు రాదు, తిట్లు వస్తాయి. వరి కోతలో మిర్చి కోతలో ఉంటే ఆడవాళ్లు ఉదయం ఆరుకే పొలం వెళ్లిపోతారు, వాళ్లకు సాయంత్రమే కుదురుతుంది.

ఇరవై మంది డప్పులతో పోయి గుమ్మం ముందు జై కొడితే ఆ ఇంటివాళ్లు నవ్వి, నమస్కారం పెట్టి, బొట్టు పెట్టించుకుని పంపేస్తారు. మీకు ఏమీ తెలియదు. అభ్యర్థి వచ్చిన రోజు ఆ హడావిడి తప్పదు, అది వేరు. మిగతా రోజుల్లో ఇద్దరు చాలు. ఒకరు మాట్లాడాలి, ఒకరు జాబితా పట్టుకోవాలి. మాట ఇలా సాగుతుంది:

"పెద్దమ్మా, బాగున్నావా? రాములు బాబాయ్ ఇంట్లో లేడా?"

"పొలం పోయిండు బిడ్డా. ఓట్ల కోసం వచ్చినవా?"

"ఓటు సంగతి తర్వాత పెద్దమ్మా. నీ పేరు లిస్టులో ఉందో లేదో చూద్దామని. పెద్దోడు హైదరాబాద్‌లోనే ఉన్నాడా? ఓటు ఇక్కడే ఉందా, అక్కడ మార్చుకున్నాడా?"

"ఈడనే ఉంది. వస్తడో రాడో. పింఛను రెండు నెలల నుంచి సరిగ్గా పడ్తలేదు, ఆ సంగతి ఎవరూ అడగరు."

ఇంత చిన్న మాటలో మూడు సంగతులు తెలిశాయి. పెద్దకొడుకు బయట ఉన్నాడు, ఓటు ఇక్కడే ఉంది, ఆ ఇంటి అసలు బాధ పింఛను. మీ పార్టీ అధికారంలో ఉన్నా ప్రతిపక్షంలో ఉన్నా ఆ మూడోది నోటు బుక్కులో రాసుకోండి, పైకి చేరవేయండి. చేస్తామని మాట ఇవ్వకండి. ఎన్నికల కోడ్ అమల్లో ఉన్నప్పుడు పింఛను ఇప్పిస్తానని ఓటుకు ముడిపెట్టి చెప్పడం ప్రలోభం కిందికే వస్తుంది.

ఇంటి నుంచి బయటకొచ్చాక, వీధి మలుపు తిరిగాక గుర్తు పెట్టండి. వాళ్ల ముందు పెట్టకండి. మనోళ్లు, అటోళ్లు, తటస్థులు అని మూడు గుర్తులు చాలు. చాలామంది కార్యకర్తలు తటస్థుల్ని కూడా మనోళ్ల ఖాతాలో వేసేస్తారు, నాయకుడు సంతోషిస్తాడని. ఆ జాబితాతో నియోజకవర్గం మొత్తం లెక్కేస్తే ప్రతి పార్టీకీ అరవై శాతం ఓట్లు వస్తాయి. అనుమానం ఉంటే తటస్థం అనే రాయండి. "మా ఇంట్లో ఓట్లన్నీ మీకే" అని గట్టిగా చెప్పినవాళ్ల దగ్గర ఇంకొంచెం అనుమానం ఉంచుకోండి.

కులం, మతం పేరు చెప్పి ఓటడగడం 1951 చట్టం 123వ సెక్షన్ ప్రకారం అవినీతి చర్య, గెలిచినా ఎన్నిక రద్దు కావొచ్చు. మన ఊళ్లలో ఏ వీధిలో ఎవరుంటారో అందరికీ తెలుసు, కాదనను. కానీ మైకు పట్టుకుని "మన కులపోడు" అన్న మాట ఎవరో ఒకరి ఫోన్‌లో రికార్డవుతుంది.

అనుమతులు, బిల్లులు

ఇది బోరు కొట్టే పని, అందుకే ఎవరూ చేయరు. ర్యాలీకి, సభకు, ప్రచార వాహనానికి, మైకుకు దేనికైనా అనుమతి ఉండాలి. ఎన్నికల సంఘం సువిధ పోర్టల్‌లో కనీసం 48 గంటల ముందు పెట్టుకోండి. వాహనానికి ఇచ్చిన అసలు అనుమతి పత్రం అద్దం మీద కనపడాలి, జిరాక్సు చెల్లదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మైకు మోగకూడదు. కరపత్రం, పోస్టరు ఏదైనా సరే దాని మీద ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు, చిరునామాలు లేకపోతే అదే 1951 చట్టం 127ఏ కింద కేసు.

అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి మన రెండు రాష్ట్రాల్లో 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. మీరు వేసిన టెంటు, తెచ్చిన కుర్చీలు, పంచిన మజ్జిగ ప్యాకెట్లు అన్నీ ఆ లెక్కలోకే పోతాయి. ధర మీరు చెప్పిందే లెక్కలోకి వస్తుందన్న నమ్మకం లేదు. జిల్లా ఎన్నికల అధికారి రేట్ల పట్టిక ఒకటి ఉంటుంది, కుర్చీకి ఇంత, బిర్యానీకి ఇంత అని. వీడియో తీసే బృందం సభకు వచ్చి కుర్చీలు లెక్కపెట్టుకుపోతుంది. అందుకే ప్రతి బిల్లూ అదే రోజు అభ్యర్థి ఏజెంటుకు చేర్చండి. ఒకరికి పది వేలు మించి చెల్లింపు ఉంటే నగదుగా ఇవ్వకూడదు. 50 వేలకు పైగా నగదుతో ప్రయాణిస్తే ఆధారాలు దగ్గర ఉండాలి, లేకపోతే చెక్‌పోస్టులో పట్టుకుంటారు. మీ సొంత ధాన్యం డబ్బులే అయినా సరే, పట్టీ చూపించాల్సిందే.

డబ్బు సంగతి

దీని గురించి మాట్లాడకుండా ఎన్నికల గైడు రాస్తే ఎవరూ నమ్మరు. డబ్బు, మద్యం, చీరలు పంచడం లంచం. భారతీయ న్యాయ సంహిత 170, 173 సెక్షన్ల కింద ఏడాది వరకు జైలో జరిమానానో రెండూనో. ఇచ్చినవాడికే కాదు, తీసుకున్నవాడికీ. ఇది అందరికీ తెలుసు, అయినా జరుగుతుందని కూడా అందరికీ తెలుసు.

కార్యకర్త కోణంలో చెప్పాలంటే, కవర్లు మోసే పనిలో ఇరుక్కున్న బూత్ ఇన్‌చార్జ్ చివరి రెండు రోజులు ఇంకే పనీ చేయలేడు. ఏజెంట్లకు కాగితాలు ఇచ్చే రాత్రి అతను ఏదో తోటలో లెక్కలు పెడుతూ ఉంటాడు. పంచడంలో వచ్చిన తేడాల వల్ల ఊళ్లో తగాదాలు పుడతాయి: మా వీధికి తక్కువ, వాళ్ల వీధికి ఎక్కువ, మధ్యలో ఎవరో తినేశారు. రెండు వైపులా తీసుకున్న ఇల్లు ఎవరికి వేసిందో ఎవరూ చెప్పలేరు. దొరికితే కేసు మీ మీద, పేరు పత్రికలో మీది, అభ్యర్థి మాత్రం "నాకు సంబంధం లేదు" అంటాడు.

అవతలివాళ్లు పంచుతుంటే చేయాల్సింది ఎన్నికల సంఘం సీ విజిల్ యాప్‌లో ఫొటోనో వీడియోనో పెట్టడం. వంద నిమిషాల్లో స్పందన ఉండేలా దాన్ని రూపొందించారు. యాప్ ఫోన్‌లో ఉన్న ఫొటోను తీసుకోదు, అక్కడికక్కడ తీసినదే తీసుకుంటుంది. కాబట్టి వాట్సాప్‌లో వచ్చిన వీడియో పట్టుకుని కూర్చోకుండా, అక్కడ ఉన్న మనిషి చేతే పెట్టించాలి.

బయట ఉన్నవాళ్ల ఓట్లు

పాలమూరు నుంచి ముంబై, రాయలసీమ నుంచి బెంగళూరు, కోస్తా జిల్లాల నుంచి హైదరాబాద్. 2024 మేలో పోలింగ్‌కు ముందు రెండు రోజులు హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరిన కార్లు చూసినవాళ్లకు ఆ ఓట్ల సంఖ్య ఎంతో అర్థమై ఉంటుంది. ఆ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 81 శాతం దాటింది.

వాళ్లకు మూడు వారాల ముందు ఫోన్ చేయాలి, రిజర్వేషన్ దొరికే సమయంలో. చివరి రోజు చేసే ఫోన్ మొక్కుబడి. ఊళ్లో ఉన్న అమ్మానాన్న చేత చేయిస్తే మీరు చేసినదానికన్నా బాగా పనిచేస్తుంది. పోలింగ్ కేంద్రం పేరు, జాబితాలో వరుస సంఖ్య మెసేజ్ పెట్టండి. కార్డు పోయినా పర్వాలేదు, జాబితాలో పేరు ఉంటే ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఉపాధి హామీ జాబ్‌కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాసుబుక్కులాంటివి చెల్లుతాయని చెప్పండి.

కానీ వాళ్లకు బస్సు పెట్టడం, పోలింగ్ రోజు ముసలివాళ్లను పార్టీ ఆటోలో బూత్‌కు తీసుకెళ్లడం చట్టవిరుద్ధం. మంచిపనే కదా అని చాలామంది చేస్తారు. 123(5) ప్రకారం అది అవినీతి చర్య, 133వ సెక్షన్ కింద శిక్ష కూడా ఉంది. ఎవరి బండి మీద వాళ్లు రావాలి, ఎవరి ఇంటివాళ్లను వాళ్లే తెచ్చుకోవాలి.

85 దాటినవాళ్లకు, 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవాళ్లకు ఇంటి దగ్గరే ఓటు వేసే వీలుంది. నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లో 12డి ఫారం ఇవ్వాలి. ఇక్కడ ఒక చిక్కుంది: ఒకసారి ఈ సదుపాయం మంజూరైతే జాబితాలో ఆ పేరు పక్కన పోస్టల్ బ్యాలెట్ గుర్తు పడుతుంది, ఇక బూత్‌లో ఓటు వేయనివ్వరు. ఇంటికి బృందం వచ్చినప్పుడు తాతగారు కొడుకు దగ్గరికి ఊరెళ్లి ఉంటే, పోలింగ్ రోజు బూత్‌కు తీసుకొచ్చినా లాభం లేదు. ఈ సంగతి ఆ ఇంట్లో ముందే చెప్పాలి.

విదేశాల్లో ఉండి భారత పౌరసత్వం ఉన్నవాళ్లు ఫారం 6ఏతో ఊళ్లో నమోదు కావొచ్చు. ఓటు మాత్రం వచ్చి వేయాల్సిందే, చూపించాల్సింది అసలు పాస్‌పోర్టే.

చివరి 48 గంటలు

పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు ప్రచారం ఆగిపోవాలి. నియోజకవర్గం ఓటర్లు కాని బయటి నాయకులు వెళ్లిపోవాలి. ఇక మీరు గుంపుగా తిరగకూడదు. మైకు లేదు, సభ లేదు.

ఈ రెండు రోజులు కాగితం పని. ఫారం 10, అంటే పోలింగ్ ఏజెంటు నియామక పత్రం, అభ్యర్థి లేదా ఆయన ఎన్నికల ఏజెంటు సంతకంతో చేతిలో ఉందా? ఆ సంతకం రిటర్నింగ్ అధికారి దగ్గర ఇచ్చిన నమూనాతో కలుస్తుంది కదా? బూత్‌ను నడిపే ప్రిసైడింగ్ అధికారి దగ్గర ఆ నమూనా ఉంటుంది, కలవకపోతే మీ ఏజెంటును లోపలికి రానివ్వరు. బూత్‌కు ఒక ఏజెంటు, ఇద్దరు రిలీవర్లు. లోపల ఒకసారికి ఒక్కరే. ముందు ఆ బూత్ ఓటరుకు, లేదా పక్క బూత్ ఓటరుకు ప్రాధాన్యం, దొరకనప్పుడు అదే నియోజకవర్గం ఓటరు.

ఏజెంటుగా ఎవరిని పెట్టాలి? నోరున్నవాడిని కాదు. ఊళ్లో మనుషుల్ని మొహం చూసి గుర్తుపట్టేవాడిని, రాయడం చదవడం వచ్చినవాడిని, పొద్దున్నుంచి రాత్రి దాకా కదలకుండా కూర్చోగలవాడిని పెట్టండి. పక్క పార్టీ ఏజెంటుతో మాట్లాడగలిగే మనిషి అయితే ఇంకా మంచిది, ఎందుకంటే ఆ గదిలో సగం సమస్యలు వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసి తలూపితే తీరిపోతాయి.

పోలింగ్ రోజు

ఏడింటికి పోలింగ్ అయితే మాక్ పోలింగ్, అంటే ఏజెంట్ల ముందు యంత్రాన్ని పరీక్షించడం, అయిదున్నరకు. మీ ఏజెంటు అయిదుంపావుకల్లా గదిలో ఉండాలి. కండువా, గుర్తు ఉన్న టోపీ, ఫోన్ ఏవీ ఉండకూడదు. పెన్నులు రెండు, తెల్లకాగితాలు, జాబితా, ఫారం 10, గుర్తింపు కార్డు, మంచినీళ్లు.

మాక్ పోల్‌లో కనీసం 50 ఓట్లు వేసి, నోటాతో సహా ప్రతి మీటకూ పడుతుందో లేదో చూసి, ఫలితం తీసి, వీవీప్యాట్ (వేసిన ఓటుకు చీటీ ముద్రించే యంత్రం) చీటీలతో పోల్చాలి. ఆ తర్వాత జరిగేదే అసలు ముఖ్యం: మాక్ ఓట్లు కంట్రోల్ యూనిట్‌లోంచి చెరిపేశారా, సున్నా చూపించారా, వీవీప్యాట్ డబ్బాలోంచి చీటీలు తీసేసి, వెనక మాక్ పోల్ ముద్ర వేసి నల్ల కవరులో సీలు చేశారా. ఇది మర్చిపోయిన బూత్‌ల దగ్గరే లెక్కింపు రోజు తలనొప్పి. మీ ఏజెంటు కంట్రోల్ యూనిట్, బ్యాలెట్ యూనిట్, వీవీప్యాట్ నంబర్లు, పచ్చ కాగితం సీలు నంబరు రాసుకోవాలి. సీలు మీద సంతకం చేసే అవకాశం ఉంటుంది, చేయాలి.

పోలింగ్ మొదలయ్యాక అతని పని వినడం. పోలింగ్ అధికారి పేరు, వరుస సంఖ్య పైకి చదువుతారు. మనిషిని చూసి, జాబితాలో టిక్కు పెట్టుకోవాలి. ఊళ్లో లేనివాళ్లు, వెళ్లిపోయినవాళ్లు, చనిపోయినవాళ్ల జాబితా ఒకటి ప్రిసైడింగ్ అధికారి దగ్గర విడిగా ఉంటుంది. మీరు వీధులు తిరిగి రాసుకున్న జాబితా దానితో కలుస్తుంది. ఆ పేర్లలో ఎవరైనా వస్తే కళ్లు తెరిచి చూడాలి. నిజంగా ఆ మనిషి కాదనిపిస్తే రెండు రూపాయలు కట్టి చాలెంజ్ చేయొచ్చు. ప్రిసైడింగ్ అధికారి విచారించి తేలుస్తారు. కేవలం వరుస ఆలస్యం చేయడానికి చాలెంజ్‌లు చేస్తే గదిలో అందరికీ మీ ఏజెంటు మీద చిరాకు పుడుతుంది, నిజమైన అభ్యంతరం చెప్పినప్పుడు ఎవరూ వినరు.

ఓటరు వచ్చేసరికి అతని ఓటు వేరెవరో వేసేసి ఉంటే "అయిపోయింది, వెళ్లు" అని పంపకూడదు. అతనికి టెండర్ ఓటు హక్కు ఉంది. కాగితం బ్యాలెట్ ఇస్తారు, దాన్ని విడిగా కవర్లో పెడతారు. మీ ఏజెంటు దీన్ని అడిగి ఇప్పించాలి, సంఖ్య రాసుకోవాలి.

బయట మీ టేబుల్ సంగతి. ఇంతకుముందు కేంద్రానికి 200 మీటర్ల అవతల పెట్టుకోవాల్సి వచ్చేది, 2025లో ఎన్నికల సంఘం 100 మీటర్లకు తగ్గించింది. ఒక టేబుల్, రెండు కుర్చీలు, నీడకు చిన్న టెంటు. పంచే చీటీలు తెల్ల కాగితం మీద ఉండాలి. పార్టీ పేరు, అభ్యర్థి పేరు, గుర్తు ఉండకూడదు. అక్కడ జనం గుమిగూడి బిర్యానీ తింటుంటే సెక్టార్ అధికారి వచ్చి ఎత్తేస్తాడు, మీకు దాంతో పోలింగ్ రోజు సగం పోతుంది.

పదకొండున్నరకు ఒకసారి, రెండున్నరకు ఒకసారి పేజీ ఇన్‌చార్జ్‌లు తమ పేజీలో ఎవరు వేశారో ఎవరు వేయలేదో వీధిలోనే చూసి చెప్పాలి. వేలిమీద సిరా చూస్తే తెలిసిపోతుంది. లోపలి ఏజెంటు చీటీల మీద నంబర్లు రాసి బయటకు పంపడం నిబంధనలకు విరుద్ధం, మధ్యలో బయటకు వస్తే అతని దగ్గరున్న జాబితా కాపీ గదిలోనే వదిలి రావాలి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఎండకు జనం రారు. ఆ సమయంలో ఇళ్లకు ఫోన్లు చేయండి. నాలుగు దాటాక అందరూ ఒక్కసారిగా వస్తారు.

గడువు ముగిసే నిమిషానికి వరుసలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఓటు హక్కు ఉంటుంది. చివర నిలబడ్డవాళ్ల నుంచి మొదలుపెట్టి ముందుకు నంబర్ చీటీలు ఇస్తారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని కేంద్రాల్లో అర్ధరాత్రి దాటాక కూడా పోలింగ్ సాగింది. అందుకే రిలీవర్లలో ఒకరిని సాయంత్రానికి తాజాగా ఉంచుకోండి. పొద్దున్నుంచి కూర్చున్నవాడు రాత్రి తొమ్మిదికి చూసే చూపు వేరేగా ఉంటుంది.

17సీ ఫారం చేతికి రాకుండా కదలకండి

పోలింగ్ అయ్యాక ప్రిసైడింగ్ అధికారి క్లోజ్ మీట నొక్కుతారు. మొత్తం ఓట్ల సంఖ్య తెర మీద కనపడుతుంది. ఆ సంఖ్య, సీలు నంబర్లు, యంత్రాల నంబర్లు, టెండర్ ఓట్ల సంఖ్య అన్నీ 17సీ ఫారంలో రాసి ప్రతి ఏజెంటుకు సంతకం చేసిన కాపీ ఇవ్వాలి. ఇది ఏజెంటు హక్కు. అలసటలో చాలామంది "రేపు తీసుకుంటాంలే" అని వెళ్లిపోతారు. రేపు ఇచ్చేవాళ్లు ఉండరు. మీ బూత్‌లో పడిన ఓట్లకు మీ చేతిలో ఉండే ఆధారం ఆ ఒక్క కాగితమే. ఫొటో తీసి అభ్యర్థి ఆఫీసుకు పంపండి, అసలుది ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. యంత్రాలు తీసుకెళ్లే వాహనం వెనక మీవాళ్లు స్ట్రాంగ్ రూమ్ దాకా వెళ్లొచ్చు.

లెక్కింపు, ఆ తర్వాత

లెక్కింపు ఏజెంట్ల పేర్లు, ఫొటోలు ఫారం 18లో మూడు రోజుల ముందే ఇవ్వాలి. మామూలుగా హాలులో 14 టేబుళ్లు. ఎనిమిదింటికి మొదట పోస్టల్ బ్యాలెట్లు, అరగంట తర్వాత యంత్రాలు మొదలవుతాయి. మీ బూత్ కంట్రోల్ యూనిట్ టేబుల్ మీదికి రాగానే మూడు చూడాలి: యంత్రం నంబరు, సీలు నంబరు, మొత్తం ఓట్లు. మూడూ మీ 17సీతో కలవాలి. కలవకపోతే ఫలితం మీట నొక్కకముందే రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. అరిస్తే బయటకు పంపుతారు, రాసిన కాగితం మాత్రం రికార్డులో ఉంటుంది. అసెంబ్లీ నియోజకవర్గానికి అయిదు బూత్‌ల వీవీప్యాట్ చీటీలు లాటరీలో తీసి లెక్కిస్తారు. మళ్లీ లెక్కించమని అడగాలంటే ఫలితం ప్రకటించక ముందే, కారణాలతో రాతలో అడగాలి.

గెలిచిన రాత్రి ఊరేగింపు ఓడినవాళ్ల వీధి గుండా పోకుండా చూసుకోవడం కూడా బూత్ ఇన్‌చార్జ్ పనే. డీజే పెట్టిన కుర్రాళ్లకు అది గుర్తుండదు, మీకుండాలి.

కొన్నాళ్లకు ఫారం 20 బయటికొస్తుంది, అందులో బూత్‌ల వారీగా ఎవరికి ఎన్ని ఓట్లో ఉంటుంది. మీ పెన్సిల్ జాబితా తీసి పక్కన పెట్టండి. మనోళ్లు అని మీరు రాసిన సంఖ్యకూ, నిజంగా పడిన సంఖ్యకూ తేడా చూడండి. ఏ పేజీ ఇన్‌చార్జ్ లెక్క దగ్గరగా ఉందో, ఎవరు ఇంట్లో కూర్చుని గుర్తులు పెట్టారో అంచనాకు వస్తుంది. ఆ లెక్క దగ్గరగా ఉన్నవాళ్ల పేర్లు మాత్రం జాగ్రత్తగా రాసి పెట్టుకోండి, వచ్చే అర్హత తేదీకి కొత్త ఓటర్ల ఫారాలతో వాళ్ల దగ్గరికే వెళ్లాలి.